క్లిఫ్ బర్టన్: బ్యాండ్ ఒక్క మ్యూజిక్ వీడియో తీయలేదు.. చివరికి అభిమానుల టేపుల్లోనే మిగిలాడు!

వీడియో క్వాలిటీ ఏమంత బాగోదు. బొమ్మ ఊగుతుంటుంది. లైట్లు పడిన చోటల్లా మొహాలు అలుక్కుపోతాయి. సౌండ్ పగులుతుంది. అయినా ఆ క్యాసెట్‌ను హెవీ మెటల్ అభిమానులు దాదాపు 40 ఏళ్లుగా ప్రాణంగా దాచుకుంటున్నారు. అందులో బెల్ బాటమ్ ప్యాంటు వేసుకుని, పొడుగాటి జుట్టు విసురుతూ బాస్ గిటార్ వాయించే ఓ కుర్రాడి కోసమే ఇదంతా.

అతని పేరు క్లిఫ్ బర్టన్. అమెరికన్ బ్యాండ్ మెటాలికాలో బాసిస్ట్. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి వయసు 24 ఏళ్లే. మరుసటి ఏడాది నవంబర్‌లో మెటాలికా తన మొట్టమొదటి హోమ్ వీడియోను విడుదల చేసింది. పేరు ‘క్లిఫ్ ఎమ్ ఆల్’. మొత్తం అతని కోసమే.

విచిత్రం ఏంటంటే.. అప్పటికే మూడు ఆల్బమ్‌లు తెచ్చిన ఆ బ్యాండ్ దగ్గర చూపించడానికి ఒక్కటంటే ఒక్క మ్యూజిక్ వీడియో లేదు!

అన్న పోయిన ఇంట్లో..

క్లిఫ్ 1962 ఫిబ్రవరి 10న కాలిఫోర్నియాలో పుట్టాడు. పెరిగింది క్యాస్ట్రో వ్యాలీ. ఇప్పుడు తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రీమాంట్‌కు కాస్త ఉత్తరంగా ఉంటుందా ఊరు. తండ్రి రే, తల్లి జాన్. నాన్న వల్లే ఇంట్లో క్లాసికల్ సంగీతం వినిపించేది. చిన్నప్పుడే పియానో క్లాసులకు వెళ్లాడు.

1975లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. మెదడులో రక్తనాళం చిట్లి అన్న స్కాట్ చనిపోయాడు. అప్పుడు క్లిఫ్‌కు 13 ఏళ్లు. ఆ తర్వాతే బాస్ గిటార్‌ను గట్టిగా పట్టుకున్నాడు. అన్న కోసం గొప్ప బాసిస్ట్‌ని అవుతానని ఇంట్లో చెప్పాడట. రోజుకు నాలుగు గంటలు, ఆరు గంటలు ప్రాక్టీస్. బ్యాండ్‌లో చేరి పేరొచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు.

బాస్ గిటార్ అంటే తెలియనివాళ్లు ఇళయరాజా పాటలు ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. పాట అడుగున లోతుగా నడుస్తూ, మొత్తం బరువు మోసే నాదం ఉంటుంది కదా.. అదే. నాలుగు తీగలు, మంద్రమైన శబ్దం. రాక్ బ్యాండ్లలో ఈ వాయిద్యం పట్టుకున్నవాడు సాధారణంగా వెనక నిలబడతాడు. పేపర్లో ఫొటో వేస్తే పక్కన కత్తిరించేది కూడా అతన్నే! క్లిఫ్ మాత్రం దాన్ని ముందుకు తెచ్చాడు. వా పెడల్, డిస్టార్షన్ తగిలించి లీడ్ గిటార్‌లా అరిపించాడు. మెటల్ బాసిస్టులు చాలామంది పిక్ పట్టుకుంటే అతను వేళ్లతోనే వాయించేవాడు. ఇష్టాలు కూడా ఒకదానికొకటి పొంతన ఉండవు. బాఖ్, మిస్‌ఫిట్స్, లినర్డ్ స్కినర్డ్.. అన్నీ ఒకే చెవితో విన్నాడు.

తల్లిదండ్రులు అడ్డు చెప్పలేదు. అలాగని పగ్గాలు పూర్తిగా వదిలేయలేదు కూడా. నాలుగేళ్లు టైమ్ ఇచ్చారు. అద్దె, తిండి తాము చూసుకుంటామన్నారు. ఈలోగా మెల్లగానైనా ఎదుగుదల కనిపించకపోతే బతుకుతెరువు కోసం ఇంకో పని చూసుకోవాలన్నది షరతు. క్లిఫ్ సరేనన్నాడు. కొడుకు ఇంజినీరింగ్ మానేసి గిటార్ పట్టుకుంటానంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో ఊహించుకుంటే, ఆ అమ్మానాన్నల ధైర్యం అర్థమవుతుంది.

మీరే మా ఊరు రండి!

1982. లాస్ ఏంజెలెస్‌లోని విస్కీ ఎ గో గో క్లబ్‌లో ట్రామా అనే బ్యాండ్ వాయిస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లలో జేమ్స్ హెట్‌ఫీల్డ్, లార్స్ ఉల్‌రిచ్ ఉన్నారు. అప్పటికి వాళ్ల మెటాలికా ఇంకా పసిబిడ్డ. అదిరిపోయే గిటార్ సోలో వినిపించింది. ఎవర్రా వాయిస్తోందని చూస్తే స్టేజీ మీద గిటారిస్ట్ కాదు.. బాసిస్ట్! ఇద్దరూ షాక్. ఎలాగైనా వీడు మనకి కావాలనుకున్నారు.

క్లిఫ్ వెంటనే ఒప్పుకోలేదు. లాస్ ఏంజెలెస్ వాతావరణం అతనికి గిట్టదు. బ్యాండ్ మొత్తం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి మారితే చేరతానన్నాడు. ఒక్క మనిషి కోసం బ్యాండ్ ఊరు మారింది. 1983 మొదట్లో మూటాముల్లె సర్దుకుని శాన్‌ఫ్రాన్సిస్కో అవతల ఎల్ సెరిటోలో ఓ ఇంట్లో దిగారు. మార్చి 5న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ‘ది స్టోన్’ క్లబ్‌లో క్లిఫ్ తొలిసారి వాళ్లతో వాయించాడు. రెండు వారాల తర్వాత, మార్చి 19న అక్కడే జరిగిన రెండో షో కెమెరాకు చిక్కింది. ‘క్లిఫ్ ఎమ్ ఆల్’లో కనిపించే అత్యంత పాత దృశ్యాలు అవే. అందులో గిటార్ పట్టుకుని డేవ్ మస్టేన్ కూడా కనిపిస్తాడు. మరో నెల తిరక్కుండానే అతన్ని బ్యాండ్ నుంచి పంపించేశారు. అతని ప్లేస్‌లో కిర్క్ హామెట్ వచ్చాడు.

అదే ఏడాది జులైలో మొదటి ఆల్బమ్ విడుదలైంది. ముందు అనుకున్న టైటిల్ మరీ బూతుగా ఉందని డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకోలేదు. చిర్రెత్తిన క్లిఫ్ వాళ్లందర్నీ చంపేయాలంటూ విసుక్కున్న మాటే ఆల్బమ్ పేరైంది.. ‘కిల్ ఎమ్ ఆల్’. నాలుగేళ్ల తర్వాత అతని స్మారక వీడియోకు అదే మాటను తిప్పి పేరు పెట్టారు. ఆ ఆల్బమ్‌లో క్లిఫ్‌కు ఒక ట్రాకే రాసిచ్చారు. మొదట అతని బాస్ ఒక్కటే ఉంటుంది, తర్వాత డ్రమ్స్ కలుస్తాయి. మెటల్ బ్యాండ్ తన తొలి ఆల్బమ్‌లో బాసిస్ట్‌కు అంత జాగా ఇవ్వడం మామూలు విషయం కాదు.

1984లో ‘రైడ్ ది లైట్నింగ్’, 1986 మార్చిలో ‘మాస్టర్ ఆఫ్ పప్పెట్స్’. ఈ రెండింట్లో కేవలం వేగమే కాదు, స్వరాల అల్లిక కూడా వినిపిస్తుంది. సంగీత శాస్త్రం చదువుకున్న క్లిఫ్ చేతివాటం అది. ‘ఓరియన్’ అనే ఎనిమిది నిమిషాల వాయిద్య సంగీతం వింటే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఎంటీవీ వద్దు.. టేపులు చాలు

ఇక్కడ ఆ రోజుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1981లో ఎంటీవీ మొదలయ్యాక అమెరికాలో లెక్కలు మారిపోయాయి. పాట హిట్ అవ్వాలంటే వీడియో ఉండాల్సిందే. హెయిర్ స్ప్రే కొట్టుకుని, మేకప్ వేసుకుని రాక్ బ్యాండ్లన్నీ కెమెరా ముందు క్యూ కట్టాయి. మెటాలికా మాత్రం ససేమిరా అంది. చిరిగిన జీన్సు, టీషర్టులతోనే స్టేజీ ఎక్కింది. రేడియో సపోర్ట్ లేదు, టీవీ సపోర్ట్ లేదు. ‘మాస్టర్ ఆఫ్ పప్పెట్స్’ లక్షల్లో అమ్ముడైంది టూర్ల వల్లా, నోటి మాట వల్లా!

నిజానికి ఈ బ్యాండ్ పెరిగిందే టేపుల మీద. 1982 నాటి డెమో క్యాసెట్‌ను అభిమానులు ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకుని, పోస్టులో దేశాలు దాటించారు. పాటలు అలా పాకితే, షోలను ఇంకొందరు వీడియోలుగా పట్టుకున్నారు. అప్పటి వీడియో కెమెరా అంటే భుజం మీద మోయాల్సిన పెద్ద పెట్టె. దాన్ని కచేరీలోకి తీసుకెళ్లి, జనం తోపులాటలో నిలబడి తీయడమంటే మాటలా? పర్మిషన్లు ఎవరడిగారు!

ఆ టేపుల విలువ ఏంటో 1986 సెప్టెంబర్ దాకా ఎవరికీ తెలియలేదు.

ఆ రాత్రి బస్సులో..

ఆ ఏడాది వేసవి అంతా ఓజీ ఆస్బోర్న్ టూర్‌లో అమెరికా చుట్టేశారు. సెప్టెంబర్‌లో యూరప్ వెళ్లారు. 26న స్టాక్‌హోమ్‌లో షో. అది ముగిశాక రాత్రికి రాత్రే బస్సులో కోపెన్‌హాగన్ బయల్దేరారు. పడుకునే బెర్తుల కోసం క్లిఫ్, కిర్క్ పేకముక్కలు తీశారని, క్లిఫ్‌కు ఇస్పేట్ ఆసు రావడంతో కిర్క్ బెర్తు తీసుకున్నాడని చెప్తారు.

తెల్లవారుజామున లుంగ్బీ పట్టణానికి దగ్గర్లో, డోరార్ప్ వద్ద బస్సు అదుపు తప్పి బోల్తా కొట్టింది. నిద్రలో ఉన్న క్లిఫ్ కిటికీలోంచి బయటకు పడ్డాడు. బస్సు అతని మీదే పడింది. మిగతా ముగ్గురు చిన్నచిన్న గాయాలతో బయటపడ్డారు.

రోడ్డు మీద కంటికి కనిపించని మంచు పొర వల్ల బస్సు జారిందన్నది డ్రైవర్ మాట. హెట్‌ఫీల్డ్ నమ్మలేదు. ఒంటి మీద లోదుస్తులు, కాళ్లకు సాక్సులతో ఆ చలిలో రోడ్డు వెంట వెనక్కి నడుచుకుంటూ మంచు కోసం వెతికాడు. అతనికి ఎక్కడా కనిపించలేదు. విచారణ జరిగింది కానీ, డ్రైవర్‌పై కేసు నిలబడలేదు. హెట్‌ఫీల్డ్ అనుమానం మాత్రం తీరలేదు.

అక్టోబర్ 7న క్యాస్ట్రో వ్యాలీలో వీడ్కోలు. ‘ఓరియన్’ వినిపించారు. క్లిఫ్ చిన్నప్పటి స్నేహితులతో కలిసి గంటలు గంటలు వాయించుకున్న మ్యాక్స్‌వెల్ రాంచ్‌లో చితాభస్మం చల్లారు. ఆ స్నేహితుల్లో జిమ్ మార్టిన్ తర్వాత ఫెయిత్ నో మోర్ బ్యాండ్ గిటారిస్ట్‌గా పేరు తెచ్చుకున్నాడు. మరో నెలకు ‘మాస్టర్ ఆఫ్ పప్పెట్స్’కు గోల్డ్ సర్టిఫికెట్ వచ్చింది. మెటాలికాకు దక్కిన తొలి గోల్డ్ అదే. క్లిఫ్ చూడలేదు. రేడియో, టీవీ ముఖం చూడని ఆ ఆల్బమే 2016లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డింగుల జాబితాలో చేరింది.

కొత్త బాసిస్ట్‌గా జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. బ్యాండ్ ఆగలేదు. కానీ పోయినవాడిని తలుచుకోవాలంటే ఏం చూపించాలి? ఎంటీవీకి లొంగనన్న పంతానికి ఇప్పుడు ధర చెల్లించాల్సి వచ్చింది. స్టూడియో వీడియోలు లేవు. అలా అభిమానుల టేపులు అవసరమయ్యాయి. వాటికి తోడు టీవీవాళ్లు తీసి పక్కన పడేసిన షాట్లు, కొన్ని సొంత ఫొటోలు. దొంగచాటు రికార్డింగులంటూ మండిపడకుండా బ్యాండే వాటిని గుచ్చి అధికారిక క్యాసెట్‌గా విడుదల చేసింది. (ఇదే మెటాలికా 2000లో నాప్‌స్టర్ మీద కోర్టుకెక్కి, పాటలు ఉచితంగా పంచుకునే అభిమానుల ఆగ్రహానికి గురవడం వేరే కథ!)

1983 క్లబ్ షో నుంచి 1985 ఓక్లాండ్ స్టేడియం, 1986 వేసవిలో డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఫెస్టివల్ దాకా దాదాపు గంటన్నర వీడియో. చిన్న హాల్లో వాయించిన కుర్రాడు మూడేళ్లలో సముద్రంలాంటి జనం ముందుకు రావడం కళ్ల ముందే జరుగుతుంది. బాస్ సోలో వచ్చినప్పుడు అయితే క్లిఫ్ తల వంచుకుని తనలో తానే మునిగిపోతాడు. కెమెరా ఎటు ఊగినా చూసేవాడి కన్ను అతన్ని వదలదు. మెరుగులు దిద్ది తీసిన వీడియో అయితే ఇంత దగ్గరగా అనిపించేదా అన్నది అనుమానమే.

1988లో వచ్చిన తర్వాతి ఆల్బమ్‌లో క్లిఫ్ వదిలివెళ్లిన బాణీలతో, రాసుకున్న మాటలతో ఒక ట్రాక్ చేసి రచనలో అతని పేరూ వేశారు. 1989లో ‘వన్’ పాటకు మెటాలికా ఎట్టకేలకు తొలి మ్యూజిక్ వీడియో విడుదల చేసింది. అది ఎంటీవీలో దుమ్ము రేపింది. అందులో బాస్ పట్టుకున్నది జేసన్.

తండ్రి మాత్రం వదల్లేదు

కొడుకులిద్దర్నీ పోగొట్టుకున్న రే బర్టన్ ఆ బ్యాండ్‌ను శత్రువులా చూడలేదు. ముసలితనంలోనూ మెటాలికా షోలకు వెళ్లేవాడు, అభిమానులు కనిపిస్తే ఆప్యాయంగా మాట్లాడేవాడు. 2009 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో మెటాలికాను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు క్లిఫ్ తరఫున స్టేజీ ఎక్కింది ఆయనే. డోరార్ప్ దగ్గర ప్రమాదం జరిగిన చోటుకు సమీపంలో 2006లో స్మారక శిల నిలబెట్టారు. అభిమానులు ఇప్పటికీ అక్కడికి వెళ్తుంటారు. మెటాలికా మన దేశానికి వచ్చి బెంగళూరులో వాయించేసరికి 2011 అక్టోబర్ అయింది. అప్పటికి క్లిఫ్ పోయి పాతికేళ్లు.

కొడుకు పేరు మీద వచ్చే రాయల్టీ డబ్బును రే తన కోసం ఉంచుకోలేదు. క్లిఫ్ చదివిన క్యాస్ట్రో వ్యాలీ హైస్కూల్లో సంగీతం నేర్చుకునే పిల్లల స్కాలర్‌షిప్పులకు ఇచ్చేశాడు. 2020 జనవరిలో, 94 ఏళ్ల వయసులో ఆయనా కన్నుమూశారు.