కాటన్ దొర పన్నుల లెక్క

కాటన్ అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులకు ధవళేశ్వరం, 1852 గుర్తొస్తాయి. బిట్‌కి అది చాలు. ఎకనామిక్స్ చదివేవాళ్లు మాత్రం అక్కడే ఆగొద్దు.

1803లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆర్థర్ కాటన్ కుర్రాడిగానే మద్రాసుకు ఇంజనీరుగా వచ్చారు. ముందు తంజావూరులో కావేరి పనులు చూశారు. అప్పటికి మన గోదావరి సీమ ఖాళీ అవుతోంది. 1821లో 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5.61 లక్షలకు పడిపోయింది. కరువులు ఒక కారణం, కంపెనీ శిస్తు వసూళ్ల తీరు మరొకటి. పంట ఎండినా శిస్తు కోసం పీడిస్తుంటే రైతు ఎందుకు దున్నుతాడు? ఊరొదిలి పోతాడు. అతనితోపాటే ఖజానా రాబడీ పోతుంది.

1844లో మాంట్‌గోమరీ నివేదిక ఈ దుస్థితిని బయటపెట్టింది. కాటన్ దొర ఆనకట్టను ధర్మకార్యంగా కాక పెట్టుబడిగా చూపించారు. నీళ్లిస్తే సాగు పెరుగుతుంది, శిస్తు దాని వెనకే వస్తుందన్నది ఆయన లెక్క. కంపెనీకి అర్థమయ్యే భాష అదే మరి! 1847లో పని మొదలైంది. తర్వాత పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానుల అక్విడక్టు లేచింది. రాజోలు వైపు లంకలకూ కాలువ నీరు చేరింది.

రైళ్ల కన్నా కాలువలే ముందని వాదించినందుకు 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ వాదన నెగ్గలేదు. 1899లో ఇంగ్లండ్‌లోనే కన్నుమూశారు.