రేడియో శిల్పి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్

రేడియో అనగానే మార్కోనీ మహాశయుని పేరు మన నాలుక మీదికి వస్తుంది. కొంత తెలిసినవారు మన జగదీశ్ చంద్ర బోసును కూడ స్మరిస్తారు. అది ఉచితమే. కాని తడ బస్టాండు దగ్గర టీకొట్టులో పాటలు పాడిన ట్రాన్సిస్టరును గాని, పులికాటు సరస్సు మీద వేటకు పోయే పడవలో తుఫాను హెచ్చరికలు చెప్పిన చిన్న పెట్టెను గాని విప్పి చూస్తే, లోపల కనిపించే అమరిక మార్కోనీది కాదు. అది ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా దేశపు ఇంజనీరు కల్పించినది. ప్రబంధాలు బోధించుకొనే తెలుగు అధ్యాపకునికి ఈ యంత్రవిద్యతో ఏమి ప్రసక్తి అని భౌతికశాస్త్ర శాఖ మిత్రులు ఆక్షేపించవచ్చు. ఇతని జీవితం చదివినవారికి ఆ ప్రశ్న పుట్టదు. కరుణరసానికి ఇంతకు మించిన వస్తువు మన కావ్యాలలోనూ అరుదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబరు 18న న్యూయార్కు నగరంలో జన్మించాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయపు అమెరికా శాఖలో ఉద్యోగి, తల్లి ఉపాధ్యాయిని. బాల్యంలో నరాల వ్యాధి సోకి సుమారు రెండేళ్ళు పాఠశాలకు దూరమయ్యాడు. వ్యాధి నయమైనా, ఉద్రేకం కలిగినప్పుడు మెడ, భుజము అదిరే లక్షణం జీవితాంతం అతన్ని వీడలేదు. ఏకాంతం అలవాటైన ఆ బాలునికి యంత్రాలే ఆటవస్తువులు. అటుపిమ్మట ఆ కుటుంబం హడ్సన్ నదీతీరాన యాంకర్స్ పట్టణంలో స్థిరపడింది. అక్కడ ఇంటి పైకప్పు కింది గది అతని ప్రయోగశాల అయింది. ఇంటి ఆవరణలో 125 అడుగుల ఏరియల్ స్తంభాన్ని తన చేతులతో తానే నిలబెట్టాడు. ఎత్తులంటే అతనికి భయం లేకపోగా ఒక విధమైన వ్యామోహం ఉండేది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి.

కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ ప్యూపిన్ అనే ప్రసిద్ధ ఆచార్యుని వద్ద విద్యుత్ శాస్త్రం అభ్యసించాడు. ఎర్రని మోటారు సైకిలు మీద ప్రతిదినం యాంకర్స్ నుండి కళాశాలకు పోయి వచ్చేవాడు. ఆ రోజులలో లీ డి ఫారెస్ట్ అనే ఆయన 1906లో కనిపెట్టిన ఆడియాన్ అనే వాల్వు వాడుకలో ఉండేది. అది ఎట్లా పనిచేస్తుందో కనిపెట్టినవానికే సరిగా బోధపడలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని మీటర్లతో ఓపికగా కొలిచి, లోపల జరిగేది గ్రహించాడు. 1912లో అతనికి ఒక ఉపాయం తోచింది. వాల్వు నుండి వెలువడే బలమైన సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి దాని ప్రవేశద్వారానికే అందించాడు. సభలలో మైకు లౌడ్‌స్పీకరుకు దగ్గరైతే కూత పెట్టడం మనమెరుగుదుము. వినిపించిన ధ్వని తిరిగి మైకులోనికి పోయి, పెరిగి పెరిగి కూతగా మారుతుంది. ఆ కూత పుట్టే అంచుకు ఇవతల ఆపగలిగితే క్షీణమైన సంకేతం వేలరెట్లు బలపడుతుంది. అంచు దాటనిస్తే అదే వాల్వు తనంతట తాను తరంగాలను పుట్టించే ట్రాన్స్‌మీటరు అవుతుంది. వినే యంత్రము, పలికే యంత్రము ఒక్క చిన్న మార్పుతో ఒకటే కావడం ఆనాటివారికి అద్భుతం.

పేటెంటు కొరకు తండ్రిని డబ్బు అడిగితే, ముందు పట్టా పుచ్చుకోమని ఆయన నిరాకరించాడు. గత్యంతరం లేక 1913 జనవరి 31న తన చిత్రపటాన్ని నోటరీ చేత ధ్రువీకరింపజేసి ఊరుకున్నాడు. అసలు దరఖాస్తు ఆ సంవత్సరం అక్టోబరులో గాని వేయలేదు. తండ్రి మాట మన ఇళ్ళలో ఏ పెద్దవారైనా చెప్పేదే. కాని ఆ జాప్యం తరువాత ఎంత ప్రమాదాన్ని తెచ్చిందో చూడబోతాము.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యపు సిగ్నల్ దళంలో అధికారిగా పారిసు నగరానికి వెళ్ళాడు. మేజర్ అన్న బిరుదు అతని పేరుకు ముందు శాశ్వతంగా నిలిచింది. 1918లో అక్కడే అతడు సూపర్‌హెటరోడైన్ అనే పద్ధతిని రూపొందించాడు. ఫ్రాన్సులో లూసియన్ లెవీ, జర్మనీలో షాట్కీ ఇంచుమించు అదే కాలంలో అదే దారిలో ఆలోచించినా, దానికి పనిచేసే రూపం ఇచ్చి లోకానికి అందించిన ఘనత ప్రధానంగా ఇతనిది.

ఆ పద్ధతి ఏమిటో మన ఊరి అనుభవంతోనే చెప్పుకోవచ్చు. తడలో మద్రాసు కేంద్రం 720 కిలోహెర్ట్జ్ మీద గట్టిగా వినిపించేది. విజయవాడ 837 మీద, దూరం వల్ల సన్నగిల్లి, వచ్చేది. రాత్రి ఆకాశవాణి ఉర్దూ సర్వీసు కొరకు మా ఇళ్ళలో పెద్దలు ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ కూర్చునేవారు. ఇన్నింటిలో కోరినదాన్ని మాత్రమే ఏరడం ఎట్లా? ప్రతి కేంద్రానికీ వేరొక వడపోత కట్టడం అసాధ్యం. జరిపిన కొద్దీ జరిగే వడపోత పదునుగా ఉండదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రశ్ననే తిరగవేశాడు. వడపోతను జరపనక్కరలేదు, కేంద్రాన్నే వడపోత వద్దకు తెద్దామన్నాడు. రేడియో లోపల ఒక చిన్న డోలకం స్వయంగా తరంగాన్ని పుట్టిస్తుంది. అది 1175 కిలోహెర్ట్జ్ మీద ఉంటే మద్రాసు వారి 720తో కలిసినప్పుడు రెంటికీ గల తేడా 455 పుడుతుంది. ముల్లు తిప్పి డోలకాన్ని 1292కు చేర్చితే విజయవాడ వారి 837 కూడ ఆ 455 గానే దిగివస్తుంది. కాబట్టి 455 వద్ద కదలని, పదునైన వడపోత ఒక్కటి ఉంటే చాలు. ట్రాన్సిస్టరు విప్పినప్పుడు రంగురంగుల మూతలతో కనబడే చిన్న డబ్బీలు ఆ వడపోతలే. పులికాటు జాలరి చేపను బట్టి వల కన్ను మార్చుకుంటాడు. ఇక్కడ వల మారదు, చేపలే ఆ కంటికి సరిపోయేటట్లు తయారై వస్తాయి.

ఈ సూత్రం కంపెనీల సొత్తుగా ఉండిపోలేదు. ఇంట్లో కూర్చొని స్వహస్తాలతో రేడియో కట్టుకొని, కేంద్రప్రభుత్వం జరిపే పరీక్షలో ఉత్తీర్ణులై, అనుమతితో దేశదేశాల వారితో సంభాషించే ఔత్సాహికులు ఉన్నారు. వారిని హామ్‌లు అంటారు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు ఈ శతాబ్ది తొలి దశకంలో బిట్ఎక్స్ అనే చిన్న యంత్రపు నమూనాను రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దానిని ప్రపంచం నలుమూలలా ఔత్సాహికులు కట్టుకున్నారు. దాని శక్తి సుమారు 6 వాట్లు. చిన్న ఎల్ఇడి దీపానికి సరిపోయేటంత. అయినా 14 మెగాహెర్ట్జ్ మీద ఆ శక్తితోనే, పై వాతావరణంలోని అయనోవరణం అనుకూలించినప్పుడు, మాట సముద్రాలు దాటుతుంది. దానికి గుండెకాయ వడపోత. 10 మెగాహెర్ట్జ్ వద్ద కంపించే స్ఫటికపు బిళ్ళలు, చవకగా దొరికేవి, నాలుగింటిని వరుసగా కూర్చి దాన్ని తయారు చేస్తారు. అన్నీ ఒక్క తీరుగా కంపించాలి గనుక డజను కొని, కొలిచి, సరిజోడైనవి ఏరుకోవలసి ఉంటుంది. మాట్లాడేటప్పుడు మన కంఠధ్వని ఆ వడపోతలో శుభ్రపడి, 4 మెగాహెర్ట్జ్ డోలకంతో కలిసి 14గా ఆకాశానికి పోతుంది. వినేటప్పుడు ఆకాశం నుండి వచ్చిన 14, అదే డోలకం వల్ల 10గా దిగి, అదే వడపోత గుండా మన చెవికి చేరుతుంది. రానూ పోనూ ఒకటే వాకిలి! తీగచుట్టలు చుట్టడానికి నీళ్ళ కుళాయికి వేసే వాషర్లను ఆయన వాడినారని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతంత కాదు. యాంకర్స్ మేడగదిలోని కుర్రవాడు చూసి ఉంటే అతనికీ కలిగేదే.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఔత్సాహికులను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. 1921 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రపు గ్రీనిచ్ పట్టణంలో మిత్రులతో కలిసి అతడు నడిపిన ట్రాన్స్‌మీటరు మాటను, అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల స్కాట్లండులోని ఆర్డ్రాసన్ తీరంలో, చలిలో గుడారం వేసుకొని కూర్చున్న పాల్ గాడ్లే పట్టుకున్నాడు. ఆ గుడారంలో ఉన్నది సూపర్‌హెటరోడైన్ యంత్రమే. ప్రభుత్వాలు పనికిరావని ఔత్సాహికులకు వదిలివేసిన పొట్టి తరంగాలు సముద్రాలు దాటగలవని దానితో రుజువైంది. మన ప్రాంతానికీ ఈ చరిత్రలో కొంత పాలు ఉన్నది. ఆనాటి వాల్వులలో భాగాలను పట్టి ఉంచే పలుచని పలకలకు, కండెన్సర్లకు అభ్రకం కావలసి వచ్చేది. ప్రపంచానికి దాన్ని అందించిన చోట్లలో మన గూడూరు ఒకటి. మనవారు కాకిబంగారమని తేలికగా పిలిచినది వాల్వుల కాలంలో నిజంగా బంగారమే. మరి 2005 మే 5న సరస్సుకు ఆవలి ఒడ్డున శ్రీహరికోట నుండి లేచిన హామ్‌శాట్, ఒక పౌనఃపున్యం మీద అందుకున్న ఔత్సాహికుల మాటను మరొక పౌనఃపున్యానికి మార్చి భూమికి పంపుతూ 2014 వరకు పనిచేసింది. పారిసులో పుట్టిన ఆ మిశ్రమ విద్యయే అక్కడా పనిచేసింది.

పేటెంట్లు అమ్మడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ కోటీశ్వరుడైనాడు. ఆర్.సి.ఎ. అనే మహాసంస్థలో వ్యక్తులందరిలోకీ పెద్ద వాటాదారు అయినాడు. ఆ సంస్థను నడిపిన డేవిడ్ సార్నాఫ్ అతనికి ఆప్తమిత్రుడు. సార్నాఫ్ కార్యదర్శిని మేరియన్‌ను 1923లో వివాహమాడి, చేత మోసుకుపోగల మొట్టమొదటి సూపర్‌హెటరోడైన్ రేడియోను స్వయంగా కట్టి ఆమెకు కానుకగా ఇచ్చాడు. అంతకు ముందు ఆర్.సి.ఎ. వారి ఎత్తైన ప్రసార గోపురం చిటారుకొమ్మకు ఎక్కి ఫోటో తీయించుకొని ఆమెకు పంపాడట, సార్నాఫ్ మండిపడ్డాడు.

ఇంతలో డి ఫారెస్ట్ ఆ పునశ్శక్తి పద్ధతి తనదని వాదించాడు. వ్యాజ్యం పన్నెండేళ్ళకు పైగా సాగింది. 1934లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం డి ఫారెస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. వాల్వు ఎట్లా పనిచేస్తుందో వివరించలేనివానికి దాని విద్య దక్కింది. విద్యుత్ నిపుణులలో అధికులు ఆ తీర్పు శాస్త్రాన్ని అర్థం చేసుకోక చెప్పినదని భావించారు. రేడియో ఇంజనీర్ల సంస్థ ఈ ఆవిష్కరణకే ఇతనికి పూర్వం ఇచ్చిన పతకాన్ని, ఆ సంవత్సరపు సమావేశంలో తిరిగి ఇచ్చివేయడానికి అతడు లేచి నిలుచున్నాడు. సంస్థ స్వీకరించలేదు. పతకం నీదేనని నిండు సభలో పునరుద్ఘాటించింది. న్యాయస్థానంలో ఓడినవానికి తోటి శిల్పులు ఇచ్చిన తీర్పు అది.

అప్పటికే అతడు మరొక మహాకార్యం పూర్తి చేసి ఉన్నాడు. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి మీడియం వేవు రేడియో చిటపటలాడడం మనందరి అనుభవమే. మెరుపు తరంగపు ఎత్తును చెదరగొడుతుంది. పాత పద్ధతిలో మాట కూడ ఆ ఎత్తులోనే ఇమిడి ఉంటుంది కనుక రెంటినీ వేరు చేయడం దుస్సాధ్యం. ఎత్తును మార్చక, పౌనఃపున్యాన్ని మార్చి మాటను పంపితే? ఆ ఊహ కొత్తది కాదు. దాని వల్ల ప్రయోజనం లేదని కార్సన్ అనే గణితవేత్త 1922లో లెక్కకట్టి తేల్చాడు కూడ. ఆ లెక్క ఇరుకైన పట్టీకి సంబంధించినదని ఆర్మ్‌స్ట్రాంగ్ గ్రహించాడు. ఇరుకైన వాకిలి కట్టి కీర్తి గడించినవాడే ఈసారి వాకిలిని విశాలం చేశాడు. 1933 డిసెంబరు 26న ఎఫ్.ఎం. పేటెంట్లు లభించాయి. 1935 నవంబరులో న్యూయార్కులో ఇంజనీర్ల సభలో ప్రదర్శన జరిగింది. ప్రసారం వచ్చినది యాంకర్స్‌లోని రన్యన్ అనే ఔత్సాహిక మిత్రుని ఇంటి నుండి. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు ఉన్నవి ఉన్నట్లు వినవచ్చి సభికులు విస్తుపోయారు.

సార్నాఫ్ కోరినది చిటపటలు తొలగించే చిన్న పరికరం. వచ్చినది తన వ్యాపారాన్నే పాతపరచే కొత్త వ్యవస్థ. ఎంపైర్ స్టేట్ భవనం మీది ప్రయోగశాలను 1935లో ఖాళీ చేయమన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత ధనంతో న్యూజెర్సీలోని ఆల్పైన్ కొండమీద సుమారు 400 అడుగుల గోపురం కట్టి ప్రసారాలు ఆరంభించాడు. 1940లో ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లు ఇవ్వజూపినా, ఇతరుల వలె రాయల్టీ చెల్లించవలసిందేనని తిరస్కరించాడు. యుద్ధం రాగానే సైన్యానికి మాత్రం తన పేటెంట్లను ఉచితంగా ఇచ్చివేశాడు. 1945లో ప్రభుత్వ సంఘం ఎఫ్.ఎం.ను 88-108 మెగాహెర్ట్జ్‌కు తరలించడంతో అప్పటికే జనం కొన్న లక్షలాది రేడియోలు మూగబోయాయి. 1948లో అతడు ఆర్.సి.ఎ. మీద దావా వేశాడు. ప్రతివాదుల న్యాయవాదులు అతనిని విచారణ గదిలో నెలల తరబడి ప్రశ్నించారు. 1950లో పేటెంటు గడువే తీరిపోయింది.

ధనం హరించుకుపోయింది. వార్ధక్యానికని భార్య పేర దాచిన సొమ్మును వ్యాజ్యానికి ఇమ్మని అడిగాడు, ఆమె ఒప్పుకోలేదు. 1953 చివర ఒకనాడు ఆవేశంలో ఇనుపకడ్డీతో ఆమె చేతి మీద కొట్టాడు. ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. 1954 జనవరి 31 రాత్రి, నోటరీ సంతకం జరిగిన తేదీకి సరిగా 41 ఏళ్ళకు, ఆమెకు క్షమాపణలతో లేఖ రాసి, పదమూడవ అంతస్తు కిటికీ నుండి దూకి ప్రాణం తీసుకున్నాడు. వయస్సు 63. ఆ పని సమర్థించదగినది కాదు. అతన్ని అంతదాకా తరిమినదీ అంతకంటె సమర్థనీయం కాదు.

మేరియన్ వ్యాజ్యాలను వదలలేదు. 1954 ముగియకముందే ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడింది. తక్కిన కంపెనీలను ఒక్కొక్కదానినే ఆమె కోర్టులలో ఎదుర్కొన్నది. చివరిదైన మోటరోలా వ్యాజ్యం 1967లో ఆమె పక్షాన తీరింది. మన దేశంలో మద్రాసు నుండి ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మొదలైనప్పుడు ఆమె జీవించే ఉన్నది. రెండేళ్ళ తరువాత మరణించింది. ఆల్పైన్ గోపురం మాత్రం చెక్కుచెదరలేదు. 2001 సెప్టెంబరు 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలి, దాని మీది ప్రసార స్తంభాలు నశించినప్పుడు, న్యూయార్కు టెలివిజన్ కేంద్రాలు కొన్ని తమ ఏరియల్స్‌ను తీసుకొనిపోయి ఆ గోపురానికే తగిలించుకున్నాయి.