ఇసుకపై నిలిచిన విద్య

1803లో జన్మించిన సర్ ఆర్థర్ కాటన్ కట్టడములలో పొదుపును కావేరీ తీరమున నేర్చెను. చోళుల కల్లణై ఇసుకపైననే శతాబ్దములు నిలుచుట గమనించి, లోతైన పునాదులకు ధనము వెచ్చింపకయే ఆనకట్ట కట్టవచ్చునని గ్రహించెను. పిమ్మట, విజయనగరము అంతర్భాగమైన నాటి విశాఖపట్టణ మండలమున, సముద్రపు కోతను రాతి గట్టులతో నరికట్టెను.

1833 నాటి కరవున అలమటించిన గోదావరి సీమకై 1847లో ధవళేశ్వరము పనికి పూనుకొనెను. కూలీలను కూర్చి నడపు భారమును వీణెం వీరన్న పంచుకొనెను. దగ్గర దొరకు రాయి, సున్నము వాడుటచే వ్యయము తగ్గెను. 1852లో ఆనకట్ట ముగిసెను. సీమ అన్నపూర్ణ యయ్యెను.

1899లో కాటన్ కన్నుమూసెను. పూర్వుల పనిని చదువ నేర్చుటయే ఇంజనీరుకు తొలిపాఠమని ఆయన జీవితము చాటుచున్నది.