ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

మన పిట్లము, బాన్సువాడలు పూర్వము నైజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమునకు చెందియుండెడివి. ఆ సంస్థానపు రాజధానిలో ఒక బడిపంతులు తరగతిలో పాఠములు చెప్పుచు, మైదానమున పిల్లలకు బంతియాట నేర్పుచుండిరి. ఆయనయే తరువాతి కాలమున భారత జట్టును రెండు పర్యాయములు ఆసియా క్రీడల విజేతగా నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. క్రికెట్ వీరుల పేర్లు మన విద్యార్థులందరికి కంఠస్థములే. ఈ పేరు ఎరిగినవారు కొద్దిమందియే యని తలంచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఆ జట్టు తరఫున ఆడిరి. బి.ఏ. ముగించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులైరి. పిమ్మట వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి పదవి స్వీకరించి మరణపర్యంతము అందు కొనసాగిరి.

ఆయన గొప్పతనమంతయు బోధనలోనే కలదని మా అభిప్రాయము. ఆ రోజులలో మన ఆటగాడు బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒంటరిగా పరుగెత్తుటయే నేర్పరితనమని భావించెడివాడు. రహీం గారు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపిరి. బంతి అందినవాడు తడయక తోటివానికి అందింపవలెను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడ ఏర్పాటు చేసిరి. కుడిచేతివాటపు పిల్లవానిచే ఎడమచేత అక్షరములు దిద్దించినట్లున్న ఈ పద్ధతి పంతులుకు గాక మరెవ్వరికి తోచును! సికింద్రాబాదు చెంత అమ్ముగూడకు చెందిన పేద యువకుడు తులసీదాస్ బలరాంకు అద్దె సైకిలుకై డబ్బు లిచ్చి ఆటకు రప్పించుకొనిరని చెప్పుకొందురు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన శిక్షణలో 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచెను. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు సాధించెను. కలకత్తా జట్లకు దక్షిణాదినుండి ఇట్టి ఎదురు తగులునని ఎవరూహించిరి?

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మేవాలాల్ గోలుతో ఇరాన్‌ను 1-0తో గెలిచి భారతము స్వర్ణము పొందెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో పలువురు వట్టికాళ్ళతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యెను. అటుపిమ్మట బూట్లు తప్పనిసరియైనవి. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేయగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానము దక్కించుకొంటిమి. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదు బిడ్డలుండిరి.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారిని ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడించుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. ఇజ్రాయెల్, తైవానులను ఆతిథ్య దేశము రానీయకుండుటను ఒక భారత ప్రతినిధి విమర్శించుటచే స్థానిక ప్రేక్షకులు మన జట్టుపై మండిపడుచుండిరి. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం గారు ఎదుటి వరుసకు పంపిరి. మా దృష్టిలో ఆయన జీవితమున ఇంతకు మించిన సాహసము లేదు. ఫైనల్ ముందు ఆటగాండ్రను చేరదీసి, స్వర్ణమును తనకు కానుకగా ఇమ్మని ఉర్దూలో కోరిరట. సెప్టెంబరు 4న, కేకలతో దద్దరిల్లిన ఆ స్టేడియములో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరియొక గోలు చేయగా అదే కొరియాను 2-1తో జయించి ఆ కానుక సమర్పించిరి.

తొమ్మిది నెలలు దాటిన కొద్ది రోజులకే, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూసిరి. ఆయనకు పద్మ పురస్కారము రాలేదు. 2024లో వచ్చిన హిందీ చిత్రము 'మైదాన్' మూలమున ఆయన పేరు క్రొత్త తరమునకు తెలిసినది. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం వాయుసేనలో పనిచేయుటయే గాక అంతర్జాతీయ రెఫరీగా పేరొందెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతమునకు జకార్తా తరువాత మరొక స్వర్ణము రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యము మాత్రము దక్కినది. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడ హైదరాబాదువాడే.