నోటిమాటకు బడిలో చోటు – గిడుగు రామమూర్తి

పిల్లవాడు బడిలో అడుగుపెట్టే నాటికే ఎన్నో మాటలు నేర్చి ఉంటాడు. తల్లి ఒడిలో, ఇంటి ముంగిట, తోటి పిల్లల ఆటపాటలలో అబ్బిన ఆ మాటలే అతని తొలి భాషాసంపద. బడి ఆ సంపదను ఆధారంగా చేసుకొని చదువునూ వ్రాతనూ పెంపొందించాలా? లేక దానిని గడప వెలుపలనే విడిచి రమ్మనాలా? నూరేళ్ళకు పైబడిన కాలం క్రిందట ఈ ప్రశ్నను తెలుగునాట లేవనెత్తి, దానికి సమాధానం వెదకడంలోనే జీవితాన్ని ధారపోసిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. తండ్రి వీర్రాజు రెవెన్యూ శాఖ ఉద్యోగి, తల్లి వెంకమ్మ. పన్నెండేళ్ళ ప్రాయంలోనే తండ్రి మరణించడంతో బాలుని చదువు బంధువుల ఆదరణపై సాగింది. విజయనగరంలో మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు. గురజాడ అప్పారావు ఆయనకు అక్కడ సహాధ్యాయి. ఆ బాల్యస్నేహం తరువాతి కాలంలో ఒక మహోద్యమానికి అండగా నిలిచింది.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల వేతనంపై రామమూర్తి ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే పట్టభద్రుడయ్యాడు. శ్రీముఖలింగ దేవాలయంలోని శాసనాల లిపిని ఎవరి సహాయమూ లేకుండా స్వయంకృషితో చదవడం నేర్చుకున్నాడు. ఒక్కొక్క కాలంలో మాటల రూపాలు ఒక్కొక్క విధంగా ఉండడాన్ని ఆ శాసనాలలో గమనించాడు. భాష నిత్యమూ మారుతుందన్న సత్యం ఆయనకు పుస్తకాల వల్లనే కాక, రాతిమీది అక్షరాల వల్ల కూడా బోధపడింది.

పర్లాకిమిడి పరిసరాలలోని కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా భాషాకుటుంబానికి చెందినది; తెలుగుతో దానికి చుట్టరికం లేదు. అందువల్ల బడికి వచ్చిన సవర బాలునిపై ఒకేసారి రెండు భారాలు పడేవి. అక్షరమూ కొత్తదే, ఆ అక్షరం పలికే మాటా కొత్తదే. అర్థం తెలియని మాటను వల్లించడం సాధ్యమే కాని, దానితో సొంత ఆలోచనను వ్రాయడం అసాధ్యం. రామమూర్తి ఈ చిక్కును గ్రహించి, ముందుగా తానే విద్యార్థి అయ్యాడు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని అతని భాషను అభ్యసించాడు. కొండల మీది పల్లెలకు వెళ్ళి పాటలను, కథలను, నిత్యవ్యవహారంలోని మాటలను సేకరించాడు. వాటి ఆధారంగా సవర భాషలోనే వాచకాలు రచించాడు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశాడు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దది. కొండ ప్రాంతాలలో సోకిన మలేరియా జ్వరానికి వాడిన క్వినైన్ ఔషధం ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఇతరుల మాటలను చెవులారా విని నేర్చుకున్న మనిషికి అంతకన్న తీరని నష్టం లేదు. అయినా ఆయన పని మానలేదు. కుమారుడు సీతాపతి ఈ పరిశోధనలో ఆయనకు తోడుగా నిలిచాడు. ఆంగ్లంలో రచించిన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

సవర బాలుని కష్టంవంటిదే తెలుగు బాలునికీ ఉన్నదని రామమూర్తి గుర్తించాడు. ఆనాటి పాఠ్యగ్రంథాలన్నీ గ్రాంథిక భాషలో ఉండేవి. ఇంట్లో 'వాన పడుతోంది' అనే పిల్లవాడు బడిలో 'వర్షము కురియుచున్నది' అని వ్రాయవలసి వచ్చేది. చెప్పదలచిన విషయం మనసులో ఉన్నా, వ్యాకరణ భయం కలాన్ని అడ్డగించేది. పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయునికి కూడా ఇదే సందేహం కలిగింది. ప్రజలు మాట్లాడే భాషకూ పుస్తకాలలోని భాషకూ ఇంత దూరమెందుకని ఆయన విచారించాడు. ఆ విచారణ రామమూర్తి, గురజాడల వద్దకు చేరింది. 1907 ప్రాంతంలో వ్యావహారిక భాషోద్యమం ఆ విధంగా రూపుదిద్దుకొంది.

ఉద్యమానికి ప్రతిఘటన తీవ్రంగా ఎదురైంది. జయంతి రామయ్య పంతులు మొదలైన పండితులు గ్రాంథికాన్ని సమర్థించారు. ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క విధంగా మాట్లాడే తెలుగువారిని కలిపి ఉంచేది గ్రాంథికమేననీ, దానిని విడిచిపెడితే ప్రాచీన కావ్యాలు భావితరాలకు అందకుండా పోతాయనీ వారి భయం. ఆ భయాన్ని రామమూర్తి తేలికగా కొట్టివేయలేదు. కావ్యాలను చదవవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. ప్రాచీన భాషను చదివి అర్థం చేసుకోవడం వేరు, నేటి భావాన్ని ఆ భాషలో వ్రాయమని పిల్లలను నిర్బంధించడం వేరని ఆయన వాదించాడు. గ్రాంథికవాదుల రచనలలోనే గ్రాంథిక నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో సోదాహరణంగా నిరూపించాడు. పండితులకే సాధ్యం కాని నియమాన్ని పసిపిల్లలపై మోపడం న్యాయమా అన్నదే ఆయన వాదసారం.

పాఠశాల తుది పరీక్షలో వ్యాసాన్ని ఆధునిక శైలిలో వ్రాసే వీలు కొంతకాలం లభించినా, పండితుల ఒత్తిడి వల్ల అది నిలువలేదు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించి, మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు. రామమూర్తి మాత్రం వెనుకంజ వేయలేదు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రికను నడిపాడు. ఊరూరా తిరిగి, పుస్తకాల మూటలు సభలకు మోసుకొనిపోయి, గంటల తరబడి ఆధారాలు చూపుతూ ఉపన్యసించాడు. క్రమంగా పత్రికలూ రచయితలూ ఆయన మార్గాన్ని అనుసరించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ పట్టణాన్ని విడిచి ఆయన రాజమహేంద్రవరానికి తరలివచ్చాడు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరిలో పత్రికా సంపాదకుల సమావేశంలో ప్రసంగించి, వాడుక భాషను నిలబెట్టవలసిందిగా తుది విన్నపం చేశాడు. వారం రోజులకే, జనవరి 22న తనువు చాలించాడు.

ఆయన మరణించిన కొన్ని దశాబ్దాలకు పాఠ్యపుస్తకాలు క్రమంగా వ్యావహారికంలోకి మారాయి. 2000 తరువాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లోని గిరిజన ప్రాంతాలలో సవర, కోయ, గోండి మొదలైన భాషలలో ప్రాథమిక తరగతుల బోధన ప్రారంభమైంది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. పిల్లవాడు ముందుగా తన నోట ఉన్న మాటను వ్రాయాలి. ఆ ధైర్యంతో కొత్త మాటలు నేర్వాలి. ఆపైన పెద్దల గ్రంథాలను అందుకోవాలి. ఈనాడు ఒకటో తరగతి విద్యార్థి తన ఇంటి విశేషాన్ని తన మాటలలోనే నిర్భయంగా పలకమీద వ్రాయగలగడం వెనుక రామమూర్తి పంతులు సాగించిన సుదీర్ఘ కృషి ఉన్నది.