బళ్ళారి రాఘవ

మనిషి మనసును మరొక మనిషికి చేర్చేది భాష ఒక్కటే కాదు. మాట తెలియనివారి హృదయాన్ని సైతం కళ కదిలించగలదు. ఈ సత్యాన్ని రంగస్థలంపై నిరూపించిన మహానటుడు బళ్ళారి రాఘవ.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. 1882 వరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. రాప్తాడు మొదలు బళ్ళారి దాకా పరచుకొన్న ఈ మెట్టసీమకు కరువు కొత్త కాదు. అయినా తెలుగు, కన్నడ భాషలు చెట్టపట్టాలు వేసుకొన్న ఈ నేలలో నాటకం పుష్కలంగా పండింది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాఘవకు మేనమామ.

మద్రాసులో న్యాయశాస్త్రం చదివిన రాఘవ బళ్ళారిలో న్యాయవాదిగా ధనమూ కీర్తీ గడించారు. నాటకాన్ని మాత్రం జీవనోపాధిగా చేసుకోలేదు. ప్రదర్శనల వలన వచ్చిన సొమ్మును సత్కార్యాలకు అందించారు.

ఆనాడు పద్యాన్ని దీర్ఘ రాగాలాపనతో పాడడమే నటన అనుకొనేవారు. రాఘవ ఆ పద్ధతిని అంగీకరించలేదు. పాత్ర వేదనను చూపుతో, స్వరంతో, మౌనంతో పలికించారు. కోలాచలం శ్రీనివాసరావు నాటకంలోని పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. తెలుగు, కన్నడ, హిందీ, ఆంగ్ల నాటకాలలో ఆయన నటించారు. 1927లో గాంధీజీ ఎదుట దీనబంధు కబీర్ నాటకాన్ని ప్రదర్శించారు. నటుడు తెలుగువాడు, ప్రదర్శించినది కన్నడ దేశం, నాటకం హిందీ, ప్రేక్షకుని మాతృభాష గుజరాతీ. అయినా ఆ నటన మహాత్ముని కదిలించింది. తరువాత ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిసి నాటకకళను గురించి చర్చించారు.

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుబట్టారు. కులస్త్రీలు రంగమెక్కడం నింద్యమని భావించిన రోజులవి. ఆ నిందలకు వెరవక కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని ప్రోత్సహించి, వారితో కలిసి నటించారు. పి.వి. రాజమన్నారు రచించిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకాలకు ప్రాణం పోశారు. 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ చిత్రంలో జమీందారీ పీడనకు గురైన రైతుగా నటించారు. కరువుసీమలో పుట్టిన నటునికి రైతు గోడు పరాయిది కాదు.

1946 ఏప్రిల్ 16న రాఘవ పరమపదించారు. 1981లో భారత ప్రభుత్వం ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది. 1953లో బళ్ళారి నాటి మైసూరు రాష్ట్రంలో చేరినా, రాఘవను తెలుగువారూ కన్నడిగులూ తమవాడనే చెప్పుకొంటారు. పాలనా సరిహద్దులు మారినా ఆయన కళకు ఎల్లలు ఏర్పడలేదు.