జేమ్స్ పారిస్ లీ

జేమ్స్ పారిస్ లీ (ఆగస్టు 9, 1831 - ఫిబ్రవరి 24, 1904) స్కాట్లండులో జన్మించి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడిన ఆయుధ రూపకర్త. తుపాకీ అడుగున అమరి, విడదీయడానికి వీలున్న తూటాల పెట్టెను (మ్యాగజైను) బోల్టు తుపాకులకు ఆచరణయోగ్యంగా రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. భారతదేశంలో "త్రీ నాట్ త్రీ"గా పేరుపొందిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ పేరులోని మొదటి భాగం ఇతనిదే.

బాల్యం, తొలి ప్రయత్నాలు

లీ స్కాట్లండులోని హావిక్ పట్టణంలో జన్మించాడు. ఇతని చిన్నతనంలోనే కుటుంబం కెనడాలోని గాల్ట్‌కు వలస వెళ్ళింది. తండ్రి గడియారాలు బాగుచేసే వృత్తిలో ఉండేవాడు. లీ కూడా ఆ పనే నేర్చుకున్నాడు. సన్నని స్ప్రింగులతో, చిన్న లోహభాగాలతో కలిగిన ఈ పరిచయం తరువాతి కాలంలో ఇతనికి ఎంతో ఉపకరించింది. పన్నెండేళ్ళ వయసులోనే మొదటి తుపాకీ తయారు చేశాడు.

1850లలో లీ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి మారాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో మిల్వాకీ నగరంలో ఆయుధ కర్మాగారం నెలకొల్పి, 1865లో 1,000 కార్బైనుల సరఫరాకు సైన్యంతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. తూటా గది కొలత విషయంలో వివాదం తలెత్తడంతో సైన్యం వాటిని తిరస్కరించింది. అప్పటికే యుద్ధం కూడా ముగియడం వలన ఆ ప్రయత్నం నష్టంతో ముగిసింది.

తూటాల పెట్టె

ఆ కాలంలో ఎక్కువ తూటాలు పట్టే తుపాకులలో అవి గొట్టంలో ఒకదాని వెనుక ఒకటిగా ఉండేవి. గొట్టం నింపడానికి చాలా సమయం పట్టేది. తూటాలు ఖర్చయిన కొద్దీ తుపాకీ సమతూకం మారేది. లీ తూటాలను రేకు పెట్టెలో ఒకదానిపై ఒకటిగా పేర్చి, అడుగున స్ప్రింగు అమర్చాడు. బోల్టును వెనక్కు లాగి ముందుకు నెట్టినప్పుడు పై తూటా గొట్టంలోకి చేరుతుంది; స్ప్రింగు క్రింది తూటాను పైకి నెడుతుంది. ఈ ఏర్పాటుకు 1879లో అమెరికా పేటెంటు లభించింది. అమెరికా నౌకాదళం ఈ తుపాకీని కొనుగోలు చేసింది. తయారీ చేపట్టిన షార్ప్స్ సంస్థ మూతపడగా, రెమింగ్టన్ సంస్థ ఆ పనిని కొనసాగించింది.

బ్రిటిష్ సైన్యంలో

దీర్ఘకాలం పరీక్షించిన అనంతరం బ్రిటన్ 1888లో లీ బోల్టును, పెట్టెను, విలియం మెట్‌ఫోర్డ్ రూపొందించిన గొట్టపు గాళ్ళను కలిపి లీ-మెట్‌ఫోర్డ్ తుపాకీని స్వీకరించింది. మొదట పెట్టెలో 8 తూటాలు పట్టేవి. 1892 నాటి రెండవ నమూనాలో వాటి సంఖ్య 10కి పెరిగింది. కార్డైట్ మందు వేడికి మెట్‌ఫోర్డ్ గాళ్ళు త్వరగా అరిగిపోవడంతో 1895లో ఎన్‌ఫీల్డ్ గాళ్ళు వచ్చాయి. తుపాకీ పేరు కూడా లీ-ఎన్‌ఫీల్డ్‌గా మారింది.

విచిత్రమేమంటే, విడదీయగల పెట్టెను సైన్యం ఆ విధంగా వాడుకోలేదు. సిపాయిలు తూటాలు వృథా చేస్తారనే భయంతో పెట్టెపై అడ్డు పలకను అమర్చి, ఒక్కొక్క తూటానే చేతితో నింపే పద్ధతిని కొనసాగించారు. తొలి నమూనాలలో పెట్టెను తుపాకీకి గొలుసు లంకెతో కట్టివేశారు. 20వ శతాబ్దారంభంలో వచ్చిన పొట్టి నమూనాలో 5 తూటాల పట్టీలతో పైనుండి నింపే ఏర్పాటు చేశారు.

పెద్ద పెట్టెలు

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పోరాటానికి 10 తూటాలు చాలవనిపించడంతో లీ-ఎన్‌ఫీల్డ్‌కు 20 తూటాల పెట్టెను తయారు చేశారు. జర్మన్లు కూడా తమ మౌజర్ తుపాకీ అడుగుపలకను తీసి, 20 తూటాల పెట్టెను బిగించే ఏర్పాటు చేశారు. మాటిమాటికీ బోల్టు తెరిచి నింపే పని తగ్గడం వలన బురద లోపలికి చేరే అవకాశం తగ్గింది. అయితే పొడవైన పెట్టె క్రిందికి పొడుచుకొని ఉండడంతో నేలపై పడుకొని గురి చూడడం కష్టమయ్యేది. పైగా .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు క్రింది తూటా అంచుకు వెనుక పడితే తూటాలు చిక్కుకుపోతాయి. తూటాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ చిక్కు కూడా పెరుగుతుంది. ఈ కారణాల వలన పెద్ద పెట్టెలు విస్తృతంగా వాడుకలోకి రాలేదు.

చివరి రోజులు, ప్రభావం

1895లో అమెరికా నౌకాదళం స్వీకరించిన 6 మిల్లీమీటర్ల లీ తుపాకీని వించెస్టర్ సంస్థ తయారు చేసింది. 5 తూటాల పట్టీతో నిండే ఈ తుపాకీలో పెట్టె విడదీయడానికి వీలుండదు. లీ 1904లో కనెక్టికట్ రాష్ట్రంలో మరణించాడు. తన పేరు గల తుపాకీ రెండు ప్రపంచ యుద్ధాలలో బ్రిటిష్, భారత సైనికుల చేతుల్లో పనిచేయడాన్ని ఇతడు చూడలేదు.

బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకులు తయారయ్యాయి. 1960లలో అక్కడే 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా, 12 తూటాల పెట్టెతో కొత్త రూపం వెలువడింది. స్వాతంత్ర్యానంతరం కూడా దేశంలోని పోలీసు దళాలు ఈ తుపాకులను దశాబ్దాలపాటు ఉపయోగించాయి. ఆ తరువాతి కాలంలో సైన్యాలు స్వీకరించిన స్వయంచాలిత తుపాకులలో విడదీసే తూటాల పెట్టె సర్వసాధారణమైంది.